మళ్ళీ కొనాలా? : సినిమా ప్రతులు, పాఠనిర్ణయం

ఒకే సినిమాను ఒకే కుటుంబం మూడు నాలుగు సార్లు కొనడం మన కాలంలో వచ్చిన వింత. 1980లలో వి.హెచ్.ఎస్. క్యాసెట్టు, 1990ల చివర వి.సి.డి., ఆ తరవాత డి.వి.డి., 2006 తరవాత బ్లూ-రే, 2016 నుంచి 4కె డిస్కు. ప్రతిసారీ అట్టమీద ఒకే మాట ఉంటుంది: ఇదివరకటి కంటె స్పష్టమైన బొమ్మ, ఇదివరకటి కంటె మంచి ధ్వని. ప్రతిసారీ పాత యంత్రం అటక ఎక్కుతుంది. 2016 జూలైలో జపానుకు చెందిన ఫునాయ్ సంస్థ వి.హెచ్.ఎస్. యంత్రాల తయారీ ఆపేసింది. అప్పటికి వాటిని చేస్తున్న చివరి సంస్థ అదే. కాబట్టి ఇంట్లో ఉన్న క్యాసెట్టు బాగానే ఉన్నా దాన్ని ఆడించే సాధనం ఇవాళ కాకపోతే రేపు ఉండదు.

ఇది తెలుగు శాఖ పత్రికలో చర్చించవలసిన విషయమా అని కొందరికి అనిపించవచ్చు. హోసూరు, మధుర, బరంపురం, షోలాపూరు వంటి చోట్ల పెరిగే మన పిల్లల సంగతి ఆలోచిస్తే ఆ సందేహం తీరుతుంది. వీళ్ళలో చాలామందికి బడిలో తెలుగు లేదు, ఇంట్లో మాట్లాడేది తమ ప్రాంతపు తెలుగు. నిలకడగా, మూడు గంటలసేపు, రకరకాల పాత్రల నోట రకరకాల తెలుగు వినే అవకాశం వీళ్ళకు సినిమా వల్లనే కలుగుతున్నది. పద్యం, వచనం, వేళాకోళం, రాజసభ మర్యాద, వంటింటి దెప్పిపొడుపు, ఇవన్నీ పుస్తకం కంటె ముందు సినిమాలోనే వాళ్ళ చెవిన పడతాయి. అంటే వీళ్ళకు సినిమా ఒక పాఠ్యగ్రంథం. గ్రంథమైనప్పుడు ఏ ప్రతి చదవాలి అన్న ప్రశ్న తప్పదు.

ప్రతి, పాఠం

ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్తది కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను తాళపత్రాలు, కాగితపు ప్రతులు సేకరించి, ఒకదానితో ఒకటి పోల్పించి, పాఠభేదాలు గుర్తించి గ్రంథాలను పరిష్కరింపజేశాడు. 1829లో ఆయన వేమన పద్యాలు అచ్చువేసిన నాటినుంచీ మనకు ఒక సంగతి తెలుసు. అందమైన అచ్చు వేరు, నమ్మదగిన పాఠం వేరు. దళసరి కాగితంమీద బంగారు అక్షరాల అట్టతో తప్పుల తడక రావచ్చు. నాసిరకం కాగితంమీద నిర్దుష్టమైన పాఠం ఉండవచ్చు.

సినిమాకు ఇదే అన్వయించుకుందాం. వి.హెచ్.ఎస్., డి.వి.డి., బ్లూ-రే అనేవి కాగితం వంటివి. బొమ్మ, ధ్వని ఎక్కడినుంచి తీసుకున్నారన్నది మాతృక. ఆ బొమ్మలో, ధ్వనిలో ఏముంది, ఏం పోయింది, ఏం చేరింది అన్నది పాఠం. కొత్త రూపం కొనాలా అని అడిగేవారు సాధారణంగా కాగితాన్ని మాత్రమే పోలుస్తారు. అట్టమీద రాసేదీ దాన్ని గురించే. మిగిలిన రెండింటిని గురించి అట్ట మాట్లాడదు. అవి మనమే చూసి తెలుసుకోవాలి.

అంకెలు చెప్పేది

ముందు కాగితం సంగతే చూద్దాం. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి వి.సి.డి.లో బొమ్మ అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. అంటే లక్షకు కాస్త ఎక్కువ. డి.వి.డి.లో 720, 576, అంటే నాలుగు లక్షల పైచిలుకు. బ్లూ-రేలో 1920, 1080, సుమారు ఇరవై లక్షల డెబ్బైవేలు. 4కెలో 3840, 2160, దాదాపు ఎనభై మూడు లక్షలు. వి.సి.డి.కి, డి.వి.డి.కి మధ్య నాలుగు రెట్లు, డి.వి.డి.కి, బ్లూ-రేకి మధ్య అయిదు రెట్లు, ఆపైన మళ్ళీ నాలుగు రెట్లు తేడా ఉన్నదన్నమాట.

ఈ అంకెలు నిజమే. అయితే ఇవి పాత్ర కొలతలు గాని, పాత్రలో పోసినదాని కొలతలు కావు. 35 మి.మీ. మూల నెగటివ్‌ను కొత్తగా, జాగ్రత్తగా స్కాన్ చేస్తే బ్లూ-రే పట్టగలిగినదంతా, దానికి మించి కూడా అందులో దొరుకుతుంది. నెగటివ్ నుంచి నకలుకు నకలు తీసి, జిల్లాలన్నీ తిరిగి, గీతలు పడిన ప్రదర్శన ప్రతిలో అంత ఉండదు. ఆ ప్రతిని ఎప్పుడో టేపుమీదికి ఎక్కించి, ఆ టేపునుంచి డి.వి.డి. తీసి, దాన్నే సాగదీసి బ్లూ-రే అని అమ్మితే, చిన్న అక్షరాల పుస్తకాన్ని భూతద్దం కింద ఫొటో తీసి పెద్ద పుస్తకంగా అమ్మినట్లే. అక్షరం పెద్దదవుతుంది, అలుక్కుపోయిన అక్షరం అలుక్కుపోయినట్లే ఉంటుంది.

మరొక చిన్న లెక్క. పాత నలుపు తెలుపు సినిమాల తెర కొలత 1.37కు 1. నేటి వెడల్పు తెరల్లో అది పక్కల నల్లని ఖాళీతోనే కనబడాలి. అంటే బ్లూ-రే చుక్కల్లో మూడు వంతులకు కాస్త ఎక్కువ మాత్రమే ఆ బొమ్మకు ఉపయోగపడతాయి. పక్కల ఖాళీ కనబడితే అది లోపం కాదు, ఛాయాగ్రాహకుడు కట్టిన చట్రాన్ని ఆ ప్రతి గౌరవించిందన్న గుర్తు.

మాయాబజార్ రెండు పాఠాలు

తెలుగులో ఈ సమస్యకు అన్నిటికంటె మంచి ఉదాహరణ మాయాబజార్. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా వారు మద్రాసులో వాహినీ స్టూడియోలో తీసిన ఈ చిత్రం 1957 మార్చి 27న విడుదలైంది. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావువి, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లేది, నిడివి సుమారు 184 నిమిషాలు. 2010 జనవరి 30న దీని రంగుల రూపం థియేటర్లలోకి వచ్చింది. ఒంటి ధ్వనిని డి.టి.ఎస్. బహుదిశా ధ్వనిగా మార్చారు, బొమ్మను సినిమాస్కోపు వెడల్పుకు తెచ్చారు. కొన్ని పాటలు, పద్యాల్లో చాలా భాగం తీసివేశారు.

ఈ ప్రయత్నాన్ని చులకన చేయకూడదు. యాభై మూడేళ్ళ నాటి చిత్రాన్ని మళ్ళీ టిక్కెట్టు కొని చూసేట్లు చేయడం చిన్న పని కాదు. నలుపు తెలుపు అనగానే లేచిపోయే పిల్లలు దీన్ని కూర్చుని చూశారు. ఒక కొత్త తరానికి ఘటోత్కచుడు తెలిశాడు. అంతవరకు అది మేలే.

పాఠం దృష్ట్యా చూస్తే మాత్రం ఇది మరొక ప్రతి కాదు, మరొక గ్రంథం. మొదట రంగు సంగతి. బార్ట్‌లే రంగు లేదు కదా అని సర్దుకుని పనిచేసినవాడు కాడు. నలుపునుంచి తెలుపుదాకా ఉన్న మెట్లతోనే వెన్నెలను, నీటి మెరుపును, నగల తళుకును వేరువేరుగా చూపించాడు. శశిరేఖాభిమన్యుల నౌకావిహారంలో వెన్నెల మనకు వెన్నెలగా తోచడానికి కారణం ఆ బూడిదవన్నెల తూకం. దాని మీద నీలిరంగు పూస్తే వెన్నెల అని మనకు చెప్పినట్లవుతుంది, చూపించినట్లు కాదు. రెండవది చట్రం. 1.37 బొమ్మ స్కోపు తెర వెడల్పంతా నిండాలంటే ఎత్తులో కోతగాని, పక్కల సాగదీతగాని, కొత్త చేర్పుగాని తప్పదు. కోతతోనే పని జరపాలంటే ఎత్తులో నూటికి నలభైకి పైగా వదులుకోవాలి. కిరీటాలు, గదలు, ఎత్తయిన మేడలు ఉన్న పౌరాణికంలో ఎత్తు ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

మూడవది పద్యాలు. నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడ ఉంది. పౌరాణిక నాటకంలోని పద్యం సినిమాలోకి వచ్చి, సంభాషణ మధ్యలో రాగంగా లేచి, మళ్ళీ సంభాషణలోకి దిగే తీరు తెలుగు నటనకు ప్రత్యేకమైన ఆస్తి. గుంటూరులోనో రాజమండ్రిలోనో పిల్లవాడికి అది మరో చోట వినబడవచ్చు. బరంపురంలోనో భివండీలోనో పెరిగే పిల్లవాడికి సినిమాలో వినబడకపోతే ఎక్కడా వినబడకపోవచ్చు. కథ నడక చురుకవుతుందని పద్యాలు తీసేస్తే కథకు వచ్చిన నష్టం లేదేమోగాని, ఆ పిల్లవాడికి ఒక ఛందస్సు, ఒక గొంతెత్తే పద్ధతి, ఒక ఊపిరి తీరు తెలియకుండా పోతాయి.

అందుచేత ఇంట్లో నలుపు తెలుపు పూర్తి ప్రతి, అది పాత డి.వి.డి. అయినా, ఉన్నవారు రంగుల రూపం కొన్నామని దాన్ని పారవేయకూడదు. కొత్తదాన్ని పరిచయ గ్రంథంగా కొనవచ్చు. మూలగ్రంథం స్థానంలో పెట్టకూడదు.

అలాగని వి.సి.డి. చాలునని కూడా అనలేం. వి.సి.డి. ఒక్కొక్కటి సుమారు 74 నిమిషాలే పడుతుంది. కాబట్టి ఈ చిత్రానికి మూడు డిస్కులు కావాలి, కథ రెండు చోట్ల తెగుతుంది. అంతకంటె ముఖ్యం, మాయాశశిరేఖగా సావిత్రి నటన. ఆడపిల్ల ముఖంలో ఎస్.వి. రంగారావు కనుబొమ్మలు, రంగారావు ఛాతీ విరుపు, ఉన్నట్టుండి గుర్తొచ్చి మళ్ళీ తెచ్చుకున్న సిగ్గు, ఇవన్నీ క్షణంలో మారుతుంటాయి. లక్ష చుక్కల బొమ్మలో దూరపు షాట్‌లో అవి గళ్ళు గళ్ళుగా చెదిరిపోతాయి. వి.సి.డి. నుంచి మంచి డి.వి.డి.కి మారడం వల్ల ఈ చిత్రంలో ఒక గొప్ప నటన తిరిగి దొరుకుతుంది. ఆ ఖర్చు దండగ కాదు. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ సంస్థ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మిన రోజుల్లో ఈ మార్పు విద్యార్థికి భారం కూడా కాలేదు.

చెవికి తెలియవలసిన తేడా

కొత్త రూపాల గురించి మాట్లాడేవారు కంటి సంగతే మాట్లాడతారు. భాషాశాస్త్రం చదివినవాడికి చెవి సంగతి ముందు గుర్తొస్తుంది. సినిమా సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. పాల్ పద్ధతి సెకనుకు 25 కోరుతుంది. సులువైన ఉపాయంగా చాలాచోట్ల సినిమాను 25 చొప్పున పరుగెత్తించి ఎక్కించేవారు. దానివల్ల చిత్రం నూటికి నాలుగు వంతులు వేగం పుంజుకుంటుంది. 184 నిమిషాల చిత్రం సుమారు 177 నిమిషాల్లో అయిపోతుంది. వేగంతోబాటు ధ్వనిని సరిదిద్దకపోతే శ్రుతి కూడా పెరుగుతుంది. పెరుగుదల అరస్వరంలో సుమారు డెబ్బై వంతులు. నాలుగు కట్టెలో పాడినది నాలుగున్నరకు దగ్గరగా వినబడుతుంది.

సాంఘిక చిత్రంలో ఇది ఎవరికీ పట్టదు. శంకరాభరణంలో పట్టాలి. 1980 ఫిబ్రవరి 2న విడుదలై, తెలుగు మాటలతోనే తమిళనాడు, కర్ణాటక, కేరళలలో ఆదరణ పొందిన చిత్రం అది. మనలాంటి వాళ్ళం పొరుగు భాషవాళ్ళ ఎదుట తెలుగును సగర్వంగా చూపుకున్న చిత్రం కూడా. శాస్త్రీయ సంగీతమే కథగా గల ఆ చిత్రాన్ని శ్రుతి జరిగిన ప్రతిలో విని, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని పాట నేర్చుకునే విద్యార్థి ఏ కట్టెకూ కుదరక తికమకపడతాడు. అమెరికా వంటి దేశాల కోసం తీసిన ఎన్.టి.ఎస్.సి. పద్ధతి డి.వి.డి.లలో ఈ వేగం తేడా రాదు. బ్లూ-రే అసలు వేగమైన 24ను అలాగే ఉంచగలదు. కాబట్టి ఈ ఒక్క చిత్రానికి కొత్త రూపం కొనడానికి కంటి కంటె చెవి బలమైన కారణం.

ఇక్కడొక జాగ్రత్త. నిడివి తక్కువగా ఉన్న ప్రతి అంతా వేగం పెంచినదే కానక్కరలేదు, కోత పడినది కూడా కావచ్చు. తేల్చుకోవడానికి ఒక పాటను రెండు ప్రతుల్లోనూ గడియారంతో కొలిచి చూడండి. అయిదు నిమిషాల పాట పన్నెండు సెకన్లు తగ్గితే వేగం పెరిగింది. పాట నిడివి సమానంగా ఉండి మొత్తం నిడివి తగ్గితే ఎక్కడో కత్తెర పడింది.

ఉచ్చారణ మరొక సంగతి. నకలు మీద నకలు తీసిన టేపులో మొదట పోయేవి హెచ్చు పౌనఃపున్యం గల ధ్వనులు. అంటే స, శ, ష ల మధ్య తేడా. ప్రామాణికమైన ఉచ్చారణ ఇంటి బయట వినే అవకాశం తక్కువ ఉన్న విద్యార్థికి ఈ మూడూ ఒకటిగా వినబడితే, అవి ఒకటే అనుకుంటాడు. పింగళి వారి హాస్యంలో సగం ఇలాంటి సూక్ష్మాలమీదనే నిలబడింది. ‘దుష్ట చతుష్టయం’ అన్న జంటలో సంయుక్తాక్షరం పలకలేని నోటికి మధ్యలో అకారం చేర్చి ‘దుషట చతుషటయం’ అనిపించాడు. ‘అస్మదీయులు’ అన్న మాటకు పోలికగా ‘తస్మదీయులు’ అని కల్పించాడు. సంస్కృతంలో కావలసిన రూపం ‘తదీయులు’. సామ్యంవల్ల కొత్త రూపాలు ఎలా పుడతాయో చెప్పడానికి భాషాశాస్త్రం తరగతిలో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ధ్వని మసకబారిన ప్రతిలో ఈ మాటలకు నవ్వు రాదు. ఎందుకు నవ్వాలో చెవికి అందదు గనక.

చట్రం తిరిగి దొరికే చోట

కొత్త రూపం నిస్సందేహంగా మేలుచేసే తెగ ఒకటి ఉంది. స్కోపు చిత్రాలు. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రం 1974 నాటి అల్లూరి సీతారామరాజు. ఇటువంటి చిత్రాలను పాత టెలివిజన్ చదరపు తెర నిండేట్లు టేపులకు, వి.సి.డి.లకు ఎక్కించినప్పుడు 2.35 వెడల్పులో 1.33 మాత్రమే మిగులుతుంది. నూటికి నలభై మూడు వంతుల బొమ్మ తెర బయట పడిపోతుంది. అడవి, కొండ, జనసమూహం ముఖ్యమైన చిత్రంలో ఇది గ్రంథంలో పుటకు సగం చింపినట్లే. పూర్తి వెడల్పుతో ఏ కొత్త ప్రతి వచ్చినా, ఏ రూపంలో వచ్చినా, అది కొనదగినదే. ఇక్కడ మనం కాగితం మార్చుకోవడం లేదు, పోయిన పాఠాన్ని తిరిగి తెచ్చుకుంటున్నాం.

కింది గీత

డి.వి.డి.లో ఎనిమిది ధ్వనిపథాలు, ముప్ఫై రెండు ఉపశీర్షికల వరుసలు పెట్టవచ్చు. ఇంత చోటులో మనవాళ్ళు సాధారణంగా వాడుకున్నది ఒక్క ఇంగ్లీషు వరుసకే. ఆ ఇంగ్లీషులో ‘తస్మదీయులు’ శత్రువులవుతారు, ‘దుషట చతుషటయం’ నలుగురు దుర్మార్గులవుతుంది. కథ తెలుస్తుంది, భాష తెలియదు. రాష్ట్రేతర విద్యార్థికి అవసరమైనది తెలుగు మాటకు తెలుగు లిపిలోనే ఉపశీర్షిక. మాట్లాడగలిగి చదవలేని పిల్లలు మనలో వేలమంది. విన్న మాట కంటి ఎదుట అక్షరంగా కనబడితే ఒక్కొక్క సినిమా ఒక వాచకమవుతుంది. పాత సినిమాను కొత్త రూపంలో తెచ్చేవారు చుక్కల సంఖ్య పెంచడంమీద పెట్టే శ్రమలో కొంత దీనిమీద పెడితే, మనం అదే చిత్రాన్ని అయిదోసారి కొనడానికి కూడా అభ్యంతరం ఉండదు.

తమిళనాడు విద్యార్థులకు ఒక ప్రత్యేక సూచన. మాయాబజార్ తమిళ రూపం 1957 ఏప్రిల్ 12న విడుదలైంది. అది మాటలు మార్చిన డబ్బింగు కాదు. అభిమన్యుడుగా అక్కినేని బదులు జెమినీ గణేశన్ నటించగా విడిగా తీసిన చిత్రం. రంగారావు, సావిత్రి, రామారావు రెండింటిలోనూ ఉన్నారు. రెండు భాషలూ వచ్చినవారికి ఒకే నటుడు ఒకే సన్నివేశాన్ని రెండు భాషల లయలో ఎలా పలికాడో పోల్చి చూసే అవకాశం ఇది. డబ్బు ఒకే డిస్కుకు సరిపడా ఉంటే తెలుగు చిత్రపు మూడో రూపం కొనేకంటె తమిళ చిత్రం కొనండి.

నిర్ణయం

పై చర్చనుంచి విద్యార్థులకు ఉపయోగపడే నిర్ణయం ఇలా చెప్పుకోవచ్చు. చేతిలో ఉన్నది వి.హెచ్.ఎస్. అయితే ఆలస్యం చేయకుండా మారాలి. యంత్రం దొరకదు, పైగా యానాం, మద్రాసు వంటి తేమ ఊళ్ళలో టేపుకు బూజు పడుతుంది. వి.సి.డి. అయితే మీకు నిజంగా ఇష్టమైన నాలుగైదు చిత్రాలకు డి.వి.డి. గాని అంతకు పైది గాని కొనాలి. డి.వి.డి. అయితే తొందర లేదు. కొత్తది నెగటివ్‌నుంచి స్కాన్ చేసినదా, నిడివి పూర్తిగా ఉందా, చట్రం మారిందా, శ్రుతి సరిగా ఉందా, ఈ నాలుగూ తెలిశాకే కొనాలి. రంగులు వెలిసిపోయిన పాత వర్ణచిత్రాలకు కొత్త స్కాన్ ఎక్కువ మేలు చేస్తుంది. డిజిటల్‌గా 2కెలో పూర్తిచేసిన ఇటీవలి చిత్రాలకు 4కె ముద్ర వల్ల కలిగేది స్వల్పం.

ఇప్పుడంతా నెట్‌లోనే దొరుకుతుంది, కొనడమెందుకు అనవచ్చు. నెట్‌లో చూసే సినిమా అద్దె ఇల్లు. ఒప్పందం ముగిసిననాడు అది వెళ్ళిపోతుంది, ఒక పాఠం తీసి మరొక పాఠం పెట్టినా మనకు చెప్పరు. పైగా మన చట్టం ప్రకారం చలనచిత్రానికి హక్కు విడుదలైన మరుసటి ఏడాదినుంచి అరవై ఏళ్ళు. మాయాబజార్ చిత్రంమీద ఆ గడువు 2017తో ముగిసింది. ఇకముందు దాన్ని కొత్త రూపాల్లో తెచ్చేవారు పెరగవచ్చు. మంచి పరిష్కృత ప్రతీ రావచ్చు, కోతల ప్రతులు పదీ రావచ్చు. ఏది సంపూర్ణమో చెప్పడానికి పోల్చి చూడటానికి ఎవరో ఒకరి ఇంట్లో పాత ప్రతి ఉండాలి.

2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చెందిన ఎన్నో నైట్రేట్ ఫిల్ములు కాలిపోయాయి. పెద్ద భాండాగారంలో ఉన్నదీ పోవచ్చునని దానివల్ల తెలిసింది. బ్రౌనుకు దొరికిన ప్రతుల్లో చాలావాటిని దాచినవాళ్ళు పండితులు మాత్రమే కాదు, తాత చదివిన పుస్తకమని అటకమీద భద్రంగా పెట్టుకున్న గృహస్థులు కూడా. కొత్తది కొన్న విద్యార్థి పాతదాన్ని అమ్మేయకుండా, దానిమీద నిడివి, పద్ధతి, కొన్న సంవత్సరం రాసిన చీటీ అంటించి దాచమని నా సలహా. మీ ఇంట్లో పద్యాలన్నీ ఉన్న మాయాబజార్ ప్రతి ఉంటే శాఖ గ్రంథాలయానికి ఒక మాట తెలియజేయండి. పోల్చి చూసి నిడివుల పట్టిక ఒకటి తయారుచేయడం ఎం.ఏ. విద్యార్థికి తగిన పని.